షార్ట్‌స్టాప్ ఎవరో మంగళవారం తేలాలి

నెల రోజుల క్రితం ఒక శనివారం, పిల్లల బేస్‌బాల్ మ్యాచయ్యాక బ్యాట్లూ హెల్మెట్లూ కారులో సర్దుతుంటే ఫోన్ మోగింది. మా జట్టులో ఒక బాబు వాళ్ళమ్మ పెట్టిన మెసేజ్. "అన్నయ్య గారూ, వేరేగా అనుకోకండి. మావాడు ఈ సీజన్‌లో ఏడు మ్యాచులాడితే ఏడింటిలోనూ రైట్ ఫీల్డే. ఒక్క ఇన్నింగ్సైనా లోపల ఆడించడానికి వీలవుతుందా? వాడు నోరు తెరిచి అడగడు. అందుకని నేనే అడుగుతున్నాను." రైట్ ఫీల్డంటే బయట గడ్డిలో, బంతి అరుదుగా వచ్చే చోటు. లోపలంటే బేసుల దగ్గర. కోపంగా రాసుంటే జవాబివ్వడం తేలికయ్యేది.

ఆ రాత్రి స్కోరు పుస్తకం తీశాను. మేం ఆడేది లిటిల్ లీగ్ అనే పిల్లల బేస్‌బాల్ సంస్థ నిబంధనల ప్రకారం. ప్రతి పిల్లాడూ మ్యాచుకి కనీసం ఆరు ఔట్ల సేపు ఫీల్డింగ్‌లో ఉండాలి, కనీసం ఒక్కసారి బ్యాటింగ్ చేయాలి. ఆరు ఔట్లంటే రెండు ఇన్నింగ్సులు. ఆ బాబుకి ఏ మ్యాచులోనూ అంతకు తగ్గలేదు. కాబట్టి నన్ను వేలెత్తి చూపడానికేమీ లేదు. కానీ ఎక్కడ నిలబెట్టాలో నిబంధన చెప్పదు. ఏడు మ్యాచుల్లో మేం ఫీల్డింగ్ చేసింది 36 ఇన్నింగ్సులు. అందులో 23 ఇన్నింగ్సులు షార్ట్‌స్టాప్‌లో, అంటే సెకండ్, థర్డ్ బేసుల మధ్య బంతులు ఎక్కువ వచ్చే చోట, ఉన్నది మా అబ్బాయి. కోచ్ కొడుకు.

మేముండేది డాలస్‌కి ఉత్తరాన. తొమ్మిది, పదేళ్ళ పిల్లల జట్టు మాది. పన్నెండు మంది, అందులో నలుగురు తెలుగు పిల్లలు. గుంటూరులో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడి పెరిగిన నేను ఈ ఆటని పెద్దయ్యాక, కొడుకు కోసం నేర్చుకున్నాను. మూడేళ్ళయింది. ఈ నెలంతా ఆ మెసేజ్ నన్ను వదల్లేదు. ఆలోచించగా నాకు గట్టిగా అనిపిస్తున్నది ఇది: పిల్లల జట్లలో పొజిషన్ల మీద వచ్చే గొడవలు చాలావరకు ప్రాక్టీసు దగ్గర పుట్టినవే. ప్రాక్టీసు సరిగ్గా నడిపితే పదేళ్ళ పిల్లాడికి పొజిషన్ ఖాయం చేయాల్సిన అవసరం రాదు. చేయకూడదు కూడా.

మామయ్య గీతలు

మా మామగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో డ్రిల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆరు నెలలు ఉండిపోదామని మార్చిలో వచ్చారు. బేస్‌బాల్ నిబంధనలు ఆయనకి తెలియవు, తెలుసుకోవాలన్న ఆత్రం కూడా పడలేదు. ఆ మెసేజ్ వచ్చిన తర్వాతి మంగళవారం, కంచె పక్కన మడత కుర్చీ వేసుకుని, మా ఆవిడ సరుకుల చిట్టా పుస్తకం వెనక అట్ట మీద ఏవో గీతలు గీస్తూ కూర్చున్నారు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ చెప్పారు.

"అల్లుడుగారూ, గంటంబావు ఆడించారు. మనవాడి చేతికి బంతి నలభై నాలుగు సార్లు వచ్చింది. ఆ కళ్ళజోడు పిల్లాడికి తొమ్మిది సార్లు."

ఆ కళ్ళజోడు పిల్లాడే రైట్ ఫీల్డ్ బాబు. నేనా సంగతి ఆయనకి చెప్పలేదు.

నాకు తెలిసిన పద్ధతి ఒకటే. బ్యాటింగ్ చేసే చోట, హోమ్ ప్లేట్ దగ్గర, నేను సన్న బ్యాటు పట్టుకుని నిలబడతాను. లోపల నలుగురిని వాళ్ళ వాళ్ళ చోట్ల నిలబెడతాను. ఒక్కొక్కరికీ ఒక్కో గ్రౌండర్, అంటే నేల మీద వెళ్ళే బంతి, కొడతాను. కొట్టినవాడు ముందు పరిగెత్తి చేరాల్సిన ఫస్ట్ బేస్‌కి వాళ్ళు దాన్ని విసురుతారు. మిగతా పిల్లలు బయట గడ్డిలో నిలబడి, వీళ్ళు వదిలేసిన బంతులు ఏరుకొస్తారు. టీవీలో పెద్ద జట్లు మ్యాచుకి ముందు చేసేది అదే కాబట్టి ప్రాక్టీసంటే అదే అనుకున్నాను. నిలబెట్టేటప్పుడు ఎవరు బాగా పడతారో వాళ్ళనే లోపల నిలబెడతాను. లోపలున్నవాడికి బంతులు ఎక్కువ వస్తాయి. ఎక్కువ వచ్చినవాడు ఇంకా బాగా పడతాడు. శనివారం మళ్ళీ వాడే లోపల. మూడేళ్ళుగా నేను ప్రతిభ చూసి పొజిషన్ ఇస్తున్నాననుకున్నాను. ముందటి వారం ఎవరికి ఎక్కువ బంతులు కొట్టానో అదే చూసి ఇస్తున్నాను.

"వాడికి బంతి అందదు మామయ్యా" అన్నాను, నన్ను నేను కాపాడుకోవడానికి.

"అందకపోతే ఎక్కువ ఇవ్వాలి కదండీ. మా బళ్ళో లాంగ్‌జంప్ రానివాణ్ణి ఇసుక గుంటలో రెండింతలు దూకించేవాణ్ణి." కాసేపాగి మళ్ళీ అన్నారు: "ఖోఖోలో తొమ్మిది మందిలో ఎనిమిది మంది కూర్చునే ఉంటారు. కానీ ఒక్కడి మడమ కూడా నేల మీద ఆనదు. మీ మైదానంలో పిల్లలు నిద్రపోతున్నారు."

ఇప్పుడు మేం చేస్తున్నది

మాకు మైదానం ఇచ్చేది మంగళవారం సాయంత్రం 5:45 నుంచి 7:00 వరకు. పక్క సగంలో ఇంకో జట్టు ఉంటుంది. మ్యాచులు మొదలయ్యాక వారానికి ఒక్క రోజే. ఉన్న గంటంబావులో పన్నెండు మందికీ బంతి అందాలంటే బ్యాటు పక్కన పెట్టక తప్పలేదు.

ఇప్పుడు పిల్లలు రాగానే జతలుగా ఎదురెదురు మోకాళ్ళ మీద కూర్చుంటారు, నాలుగైదు అడుగుల దూరంలో. గ్లవ్ ఉండదు. టెన్నిస్ బంతి. ఒకడు దొర్లిస్తే ఇంకొకడు రెండు చేతులతో అందుకుని తిరిగి దొర్లిస్తాడు. కాళ్ళ గొడవ లేదు, విసిరే గొడవ లేదు. చేతులే. ఆరు నిమిషాలు. తర్వాత అదే పని బంతిని చేతుల ముందే నేలకి తగిలేలా వేసి చేయిస్తాం. ఆ తర్వాత లేచి నిలబడి గ్లవ్‌తో. ఈ పావుగంటలో ప్రతి పిల్లాడి చేతికీ బంతి డెబ్భై, ఎనభై సార్లు వస్తుంది. మామయ్య గీతలు గీయడం మానేశారు, అట్ట సరిపోవడం లేదు.

దీని తర్వాత మూడు చోట్ల మూడు గుంపులు. ఒక్కో గుంపుకి ఒక్కో పెద్దవాళ్ళు. ఒకచోట చేత్తో దొర్లించిన గ్రౌండర్లు, ఒకచోట పక్కకి పరిగెత్తి అందుకోవడం, ఒకచోట విసరడం. పన్నెండు నిమిషాలకొకసారి మారతారు. నేను బ్యాటు పట్టేది చివరి ఇరవై నిమిషాలే. అప్పుడు కూడా పిల్లలు చోట్లు మారుతూనే ఉంటారు. సెకండ్ బేస్‌లో మూడు బంతులు పట్టినవాడు షార్ట్‌స్టాప్‌కి, అక్కణ్ణుంచి థర్డ్‌కి.

ఇందులో నేను దిద్దుకోవాల్సిన పెద్ద పొరపాటు ఒకటి బయటపడింది. క్రికెట్లో మనకి నేర్పింది ఏమిటి? బంతి నేల మీద వస్తే ఒక మోకాలు నేలకి ఆనించి అడ్డం పడు. వదిలితే నాలుగు పరుగులు. ఆపితే చాలు. నేను పిల్లలకి అదే చెప్పాను, వాళ్ళు అదే చేశారు. బేస్‌బాల్‌లో ఆపితే చాలదు. ఈ వయసు పిల్లలకి బేసుల మధ్య దూరం 60 అడుగులు, అంటే మన క్రికెట్ పిచ్ కంటే ఆరడుగులు తక్కువ. కొట్టిన పిల్లాడు ఆ 60 అడుగులూ పరిగెత్తడానికి నా వాచీలో సుమారు నాలుగు సెకన్లు పడుతోంది. అంతలో బంతి అందుకోవాలి, గ్లవ్‌లోంచి తీయాలి, విసరాలి, అది ఫస్ట్ బేస్ చేరాలి. మోకాలు నేలకి ఆనించినవాడు లేచి నిలబడేసరికే సగం సమయం అయిపోతుంది. మావాళ్ళు బంతి ఆపీ ఔట్ చేయలేకపోతున్నారంటే అది వాళ్ళ చేతుల లోపం కాదు, నేను చెప్పిన మోకాలు.

ఇంకొకటి, కళ్ళజోడు బాబు దగ్గర చూశాను. బంతి వస్తున్నప్పుడు వాడి గ్లవ్ మోకాలి ఎత్తులో ఉంటుంది. చివరి క్షణంలో కిందికి దించుతాడు. అప్పటికే బంతి కిందనుంచి వెళ్ళిపోతుంది. ముందే నేలకి ఆనించి ఉంచితే, బంతి లేచినా దాంతోపాటు చెయ్యి పైకి లేపడం తేలిక. పైనుంచి కిందికి దించడం పెద్దవాళ్ళకే కష్టం. వాడికి మాటల్లో చెబితే తల ఊపేవాడు, మళ్ళీ అదే చేసేవాడు. ఒక రోజు ప్రాక్టీసయ్యాక అందరి గ్లవ్‌లూ వరసగా పెట్టించి వేళ్ళ కొసలు చూపించాను. మా అబ్బాయి గ్లవ్ కొసలకి ఎర్రమట్టి పట్టి ఉంది. వాడి గ్లవ్ కొన్నప్పటిలా శుభ్రంగా ఉంది. వాడు చాలాసేపు చూశాడు. తర్వాతి మంగళవారం ప్రతి బంతికీ గ్లవ్‌తో నేలని తట్టి మరీ నిలబడుతున్నాడు. నేను చెప్పకుండానే.

మరి ఎవరు ఎక్కడ?

పొజిషన్లలో తేడా లేదని నేననడం లేదు. థర్డ్ బేస్ నుంచి ఫస్ట్‌కి అడ్డంగా కొలిస్తే దాదాపు 85 అడుగులు. షార్ట్‌స్టాప్ తన కుడివైపు లోతుకి వెళ్ళి బంతి అందుకుంటే దూరం కొంచెం అటూ ఇటూగా అంతే. సెకండ్ బేస్‌లో ఆడేవాడికి అందులో సగం చాలు. చెయ్యి బలంగా లేని పిల్లాణ్ణి మ్యాచులో షార్ట్‌స్టాప్‌లో నిలబెడితే వాడు బంతి అందుకుని కూడా ఔట్ చేయలేడు. ఆ నిరాశ వాడికివ్వడం న్యాయం కాదు. అందుకే కొత్తవాళ్ళకి మ్యాచులో మొదటి తలుపు సెకండ్ బేస్. షార్ట్‌స్టాప్, థర్డ్ ప్రాక్టీసులో.

కానీ "మా షార్ట్‌స్టాప్ ఇతను" అని ఒకణ్ణి ఖాయం చేసుకోవడం ఈ వయసులో పనికి రాదనడానికి నిబంధనల పుస్తకంలోనే కారణం ఉంది. ఏ జట్టులోనైనా షార్ట్‌స్టాప్‌లో బాగా ఆడే పిల్లాడే సాధారణంగా బాగా పిచింగ్ కూడా చేస్తాడు, అంటే బ్యాటు పట్టినవాడికి బంతి వేస్తాడు. తొమ్మిది, పదేళ్ళవాళ్ళు రోజుకి 75 బంతులు మించి వేయకూడదు. 66 గానీ అంతకు మించి గానీ వేస్తే నాలుగు రోజులు విశ్రాంతి. 51 నుంచి 65 దాకా వేస్తే మూడు రోజులు. నాలుగు ఇన్నింగ్సులు క్యాచర్‌గా, అంటే బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా, కూర్చున్న పిల్లాడు ఆ రోజు పిచింగ్ చేయకూడదు. 41 బంతులు వేసినవాడు ఆ రోజు క్యాచర్‌గా కూర్చోకూడదు. ఇవన్నీ పిల్లల భుజాలూ మోచేతులూ కాపాడడానికి పెట్టినవి, మంచివి. వీటి ఫలితం ఏమిటంటే మంచి ఆటగాడు పిచింగ్‌కి వెళ్ళిన ప్రతిసారీ షార్ట్‌స్టాప్ ఖాళీ అవుతుంది. జట్టుకి కనీసం ముగ్గురు షార్ట్‌స్టాపులు కావాలి. మార్చిలో తయారు చేసుకోకపోతే మే నెలలో, అదీ మ్యాచ్ మధ్యలో, ఎవరినో ఒకరిని తోసేయాల్సి వస్తుంది. మాకు ఆరో మ్యాచులో అదే జరిగింది. ఎప్పుడూ అక్కడ నిలబడని పిల్లాణ్ణి నిలబెట్టాను. వరసగా మూడు బంతులు వదిలాడు. జట్టు కూర్చునే డగౌట్‌కి వచ్చి టోపీ ముఖమ్మీదకి లాక్కుని కూర్చున్నాడు. తప్పు వాడిది కాదని చెప్పాను గానీ, ఎవరిదో అప్పటికి నాకు తెలియలేదు.

ఎడమచేతి వాటం సంగతి కూడా. మా జట్టులో ఒక అమ్మాయి ఎడమ చేత్తో విసురుతుంది. థర్డ్ బేస్ అంటే ప్రాణం. ఎడమచేతివాళ్ళు థర్డ్‌లో, షార్ట్‌లో, సెకండ్‌లో పనికిరారని ఈ ఆటలో అందరూ అనుకునే మాట. కారణం సరైనదే. బంతి అందుకున్నాక ఫస్ట్ వైపు విసరాలంటే ఒళ్ళంతా తిప్పుకోవాలి, అక్కడ క్షణం పోతుంది. పెద్ద లీగుల్లో ఆ క్షణమే ఆట. కానీ న్యూయార్క్ యాంకీస్ జట్టు ఫస్ట్ బేస్‌మన్ డాన్ మాటింగ్లీ, ఎడమచేతివాడు, 1986లో మూడు మ్యాచుల్లో థర్డ్ బేస్ ఆడాడు. అంత పెద్ద స్థాయిలోనే మూడు రోజులు కుదిరినప్పుడు పదేళ్ళ అమ్మాయికి కుదరదని నేనెందుకు అడ్డుపడాలి? పెద్దయ్యాక ఆమెకి ఆ చోటు దక్కదని తెలుసు. అందుకే ఇప్పుడు ఆడనివ్వాలని నా పట్టుదల.

35 తప్పులు

మా ఊరి జట్టు టెక్సస్ రేంజర్స్ 2023లో మొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే పెద్ద లీగుల ఫైనల్, గెలిచినప్పుడు సెకండ్ బేస్‌లో ఉన్నది మార్కస్ సెమియన్. మా పిల్లల గదుల్లో ఆయన బొమ్మలున్నాయి. ఆయన 2015లో ఓక్లండ్ జట్టుకి షార్ట్‌స్టాప్‌గా ఆడినప్పుడు ఆ సీజన్‌లో ఫీల్డింగ్‌లో 35 తప్పులు చేశాడు. ఆ ఏడాది పెద్ద లీగుల్లో అంతకన్నా ఎక్కువ ఎవరూ చేయలేదు. ఓక్లండ్ వాళ్ళు ఆయన్ని అక్కణ్ణుంచి తీసేయలేదు. ఇన్‌ఫీల్డ్, అంటే లోపలి ఫీల్డింగ్, నేర్పడంలో పేరున్న రాన్ వాషింగ్టన్‌ని ఆయనకి తోడుగా పెట్టారు. 2010, 2011ల్లో రేంజర్స్‌ని వరల్డ్ సిరీస్ దాకా తీసుకెళ్ళిన మేనేజరు ఆయనే. వాషింగ్టన్ రోజూ మ్యాచుకి ముందు సెమియన్‌ని దగ్గర్లో, మోకాళ్ళ మీద కూర్చోబెట్టి, చిన్న గ్లవ్‌తో బంతులు పట్టించాడు. మేం మంగళవారం మొదటి పావుగంటలో చేస్తున్నది ఆ పనికి దూరపు చుట్టమే. 2021లో టొరంటోకి వెళ్ళి సెకండ్ బేస్‌కి మారినప్పుడు సెమియన్‌కి ఉత్తమ ఫీల్డర్‌కిచ్చే గోల్డ్ గ్లవ్ వచ్చింది.

లక్షల డాలర్ల జీతం తీసుకునే పాతికేళ్ళ మనిషికే 35 తప్పుల తర్వాత ఇంకో అవకాశం, దాంతోపాటు రోజూ పక్కన కూర్చునే గురువు దొరికాడు. పదేళ్ళ పిల్లాడు ఏప్రిల్లో రెండు బంతులు వదిలితే మే అంతా రైట్ ఫీల్డులో నిలబెట్టాను. ఈ పోలిక తట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎదురు మాటలు

ఒకటి: గెలుపు. పిల్లలకి గెలుపు అక్కర్లేదని, ఆడితే చాలని పెద్దవాళ్ళం అంటుంటాం. అబద్ధం. అందరినీ తిప్పి ఆడించిన మొదటి శనివారం 14-3తో ఓడాం. కారులో మా అబ్బాయి ఇంటిదాకా మాట్లాడలేదు. చివరికి "నేను షార్ట్‌లో ఉంటే ఆ రెండు బంతులు పట్టేవాణ్ణి నాన్నా" అన్నాడు. నిజమే, పట్టేవాడు. వాడికి నేనేం చెప్పాలి? మంచి ఆటగాడికి కూడా న్యాయం ఉంటుంది. రోజూ గ్యారేజీ గోడకి బంతి కొట్టుకునేది వాడే. అందుకే ఇప్పుడు మొదటి మూడు ఇన్నింగ్సులు తిప్పుతాను, మ్యాచ్ బిగువుగా ఉంటే చివరి రెండింటిలో చేయి తిరిగినవాళ్ళని పెడతాను. ఇది సరైన కొలతో కాదో నాకింకా నమ్మకం కుదరలేదు. ఆఖరి ఇన్నింగ్స్‌లో ఎప్పుడూ బయటికి వెళ్ళే పిల్లాడికి అర్థం కాకుండా ఉంటుందా?

రెండు: బిడియం. అందరూ చూస్తుండగా తప్పు చేయడం కొంతమంది పిల్లలకి జ్వరం తెప్పించేంత పని. న్యాయం పేరుతో అలాంటివాణ్ణి మధ్యలో నిలబెట్టడం క్రూరత్వమే అవుతుందని మా సహాయ కోచ్ అన్నాడు. ఈ మాట నేను కొట్టిపారేయలేను. కానీ బిడియం తగ్గేది మాటలతో కాదు. మోకాళ్ళ మీద కూర్చుని ఎనభై బంతులు పట్టినవాడికి ఎనభై ఒకటోది వచ్చినప్పుడు భయం కొంత తక్కువ. కళ్ళజోడు బాబుని మొదటి రెండు వారాలు మ్యాచులో లోపలికి తేలేదు. వాళ్ళమ్మకి అదే రాశాను: "చెల్లెమ్మా, రెండు మంగళవారాలు ఆగండి." మూడో శనివారం సెకండ్ బేస్‌లో పెట్టాను. రెండు ఇన్నింగ్సుల్లో ఒక్క బంతి వచ్చింది. గ్లవ్ నేలకి ఆనింది, బంతి దాని మణికట్టు దగ్గర తగిలి కింద పడింది, వెతికి తీసి విసిరాడు. పరుగెత్తేవాడు అప్పటికే బేస్ దాటిపోయాడు. స్కోరు పుస్తకంలో అది ఔట్ కాదు. వాడు వెనక్కి తిరిగి తన చోటికి వెళ్ళి గ్లవ్‌తో నేల తట్టి మళ్ళీ వంగి నిలబడ్డాడు. ఇంకో బంతి కావాలన్నట్టు.

మూడు: వచ్చే ఏడాది డబ్బు కట్టి ఆడే ఎంపిక జట్ల పరీక్షలు. అక్కడ "నీ పొజిషన్ ఏమిటి" అని అడుగుతారని, ఇప్పుడే ఒకటి పట్టుకోకపోతే వెనకబడతారని మన తల్లిదండ్రుల్లో గుబులు. ఐఐటీ కోచింగ్ ఆరో తరగతిలో మొదలెట్టే ఊళ్ళనుంచి వచ్చినవాళ్ళం, ఆ గుబులు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మూడు చోట్ల ఆడగలిగిన పిల్లాడు ఆ పరీక్షలో ఎలా వెనకబడతాడో మాత్రం తెలియడం లేదు.

ఫస్ట్ బేస్

ఒక్కచోట మాత్రం నేను తిప్పను. ఫస్ట్ బేస్. మిగతా చోట్ల బంతి నేల మీద వస్తుంది, తగిలితే పిక్కకో ఛాతీకో తగులుతుంది. ఫస్ట్‌లో నిలబడ్డవాడికి ప్రతి ఔట్‌కీ గట్టి బంతి సూటిగా ముఖం ఎత్తులో వస్తుంది, అదీ ఎటు విసురుతారో తెలియని పదేళ్ళ చేతుల్లోంచి. పట్టడం ఇంకా రాని పిల్లాణ్ణి సమానత్వం పేరుతో అక్కడ నిలబెట్టే హక్కు నాకు లేదు. ప్రస్తుతం మా జట్టులో అక్కడ నిలబడగలిగేది ముగ్గురే. మిగతా తొమ్మిది మందికి అన్యాయమే, ఒప్పుకుంటాను.

అందుకని మెత్తటి బంతులు ఒక డజను కొన్నాను. చూడ్డానికి అసలు బంతిలాగే ఉంటాయి, తగిలితే నొప్పి తక్కువ. ఫస్ట్ బేస్ కావాలన్నవాళ్ళు ప్రాక్టీసయ్యాక పది నిమిషాలు ఆగవచ్చు. షార్ట్‌స్టాప్ చోటునుంచి నేను విసురుతాను, ముఖం మీదకి, పక్కకి, కాళ్ళ ముందు నేలకి తగిలేలా. వరసగా ముప్ఫై వదలకుండా పడితే అసలు బంతి చేతికిస్తాను. కళ్ళజోడు బాబు రెండు వారాలుగా ఆగుతున్నాడు. కళ్ళజోడు మీద పెట్టుకోవడానికి వాళ్ళమ్మ ఆటలకి వాడే రక్షణ అద్దాలు కొనిపెట్టింది. బంతులేరే పని మామయ్యది, లెక్క కూడా ఆయనదే. తెలుగులో గట్టిగా లెక్కపెడతారు, అమెరికా పిల్లలు కూడా ఆయనతోపాటు అంటున్నారు. మొన్న మంగళవారం ఇరవై మూడు దగ్గర ఒకటి జారింది. టైమైపోయింది. వాడు బంతి బకెట్‌లో వేసి, "మళ్ళీ ఒకటి నుంచేనా?" అని అడిగాడు. మామయ్య అవునన్నారు.